అప్పు లేని చదువు

మన కర్నూలు జిల్లా పడమటి పక్క పిల్లోడు చదువు నిలిపేసేది ఫీజు కట్టలేకనే అని శానామంది అనుకుంటారు. అది సగం మాటే అప్పా. పిల్లోడు చదువుకు పోతే చేన్లో ఒక మనిషి తక్కువైతాడు. పత్తి విడిపించే కాలంలో ఇంటిల్లిపాదీ చేన్లో ఉండాల. ఒకడు పుస్తకం పట్టుకోని కూర్చుంటే వాని కూలి ఎవరు తెచ్చియ్యాల? ఈ లెక్క పట్టించుకోకుండా చదువు ఖరీదు గురించి ఎవరేం చెప్పినా అది మన ఊరికి పనికొచ్చే మాట కాదు.

రొంత ముందరికి జరగండి, మంట అందరికీ తగలనీ. ఆ పత్తికట్టె లోపలికి తొయ్యండి. అమ్మి పొద్దున్నుంచి అడుగుతానే ఉంది: “తాతా, డిగ్రీ అయిపోయె. బెంగళూరులో అప్పు తీసుకోని చేరాల్నా, పీజీసెట్ రాసి యూనివర్సిటీకి పోవాల్నా?” అని. ఒక్క మాటలో తేల్చేది కాదమ్మీ ఇది. మా కాలం ముచ్చట చెప్తా, విను. విన్నాక నువ్వే ఎంచుకో.

నేను పుట్టేనాటికి మన పక్క ఊర్లు బళ్ళారి జిల్లాను ఇడిసి కర్నూలు జిల్లాలోకి వచ్చి కొన్నేండ్లే అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు కలిసినాయి. అందుకే మన ఇండ్లల్లో ఇప్పటికీ మాటకు మాట కన్నడం దొర్లుతాది. జొన్న, పత్తి, బుడ్డలు, కొర్రలు, ఇవే మన పంటలు. వాన పడితే ఊర్లో ఉంటాం, పడకపోతే సుగ్గికి పోతాం. ఇప్పుడంటే గుంటూరు పక్క మిరపకాయల కోతకు, బెంగళూరు కట్టుబడి పనులకు పోతాండారు. అప్పట్ల సిరుగుప్ప పక్క, తుంగభద్ర కాలవ కింద వరి కోతలకు పోయేవాళ్ళు. సత్తు గిన్నెలు, ఈత చాప, జొన్నపిండి మూట కట్టుకోని, చంకలో బిడ్డతో పోతే మళ్ళా ఎప్పటికో వచ్చేది. ఇంటికి తాళం పడితే బడిలో ఆ పిల్లల పేర్లకు కూడా తాళం పడినట్టే.

మా అన్న ఐదో తరగతితోనే మడక పట్టినాడు. మా అక్కకు బడి అనేదే లేకపోయె. నా వంతుకు వచ్చేసరికి ఊరి బడిలో ఒక అయ్యవారు మా నాయన కాళ్ళకు అడ్డం పడినంత పని చేసినాడు. “వీన్ని సుగ్గికి తీసుకపోవద్దు. ఆ నాలుగు నెలలు నా ఇంట్లో పెట్టుకుంటా” అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆయనింట్లో తిని, ఆయన పిల్లలతో పాటు దీపం కింద కూర్చోని చదివినాను. ఆస్పరిలో హైస్కూలు, తర్వాత ఆదోనిలో ఇంటర్, డిగ్రీ. ఉండేది బీసీ హాస్టల్లో. 1970లో అనంతరామన్ కమిషన్ చెప్పినాక వెనుకబడిన కులాలకు నూటికి 25 సీట్లు కేటాయించినారు. ఆ తర్వాత వచ్చిన హాస్టళ్ళు, ఉపకారవేతనాలు లేకపోతే మా వంటి ఇండ్ల పిల్లలు ఆదోని కాలేజీ గడప తొక్కేవాళ్ళు కాదు.

చదివింది తెలుగు మీడియంలో. 1968లో తెలుగు అకాడమి పెట్టి కాలేజీ పుస్తకాలు తెలుగులో అచ్చు వేయించినారు గదా, అవే మాకు దిక్కు. ధర తక్కువ, కాగితం గరుకు, విషయం మాత్రం గట్టిది. సెలవు రోజుల్లో నేను ఆదోని పత్తి మండీలో చీటీలు రాసేవాణ్ణి. రైతు బోరెం తెచ్చి కాటా మీద పెడితే తూకం ఎంత, ధర ఎంత, దలాలీ ఎంత, హమాలీ ఎంత, చేతికి వచ్చేది ఎంత అని రాయాల. చీటీ రాసేటప్పుడు నాకు ఒకటే తలంపు: పైన పెద్ద అంకె, కింద చిన్న అంకె, నడుమ ఇంత దుడ్డు యాడికి పోతాంది? నన్ను అర్థశాస్త్రం పక్కకు తిప్పింది ఆ చీటీలే.

డిగ్రీ పాసైనాక పీజీ అంటే మా నాయనకు అర్థం కాలే. “పదైదేండ్లు చదివినావు, ఇంగా ఏముంది చదివేకి?” అన్నాడు. తప్పు పట్టను. ఆయన లెక్క ఆయనది. నాకు అనంతపురంలో సీటు వచ్చింది అనేకి ముందర, అనంతపురంలో ఆ సీటు అనేది ఎట్ల పుట్టిందో మీరు వినాల. అది ఆకాశం నుంచి ఊడిపడింది కాదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దాని కేంద్రం యాడ ఉండాలనే దాని మీద పెద్ద తగాదా. చివరికి వాల్తేరుకు పోయింది. సీమ పిల్లోడు ఆడికి పోవాలంటే దేశాంతరం పోయినట్టే. సీమ పెద్దోళ్ళకు ఆ బాధ మనసులో ఉండిపోయింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చోని ఒప్పందం రాసుకున్నారు. మన పక్క నుంచి కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు వంటి వాళ్ళు ఉన్నారు. నీళ్ళు, రాజధాని, హైకోర్టు, ఇవన్నీ ఆ కాగితంలో ఉన్నట్టు అందరికీ తెలుసు. అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలనేది కూడా దాంట్లో ఉంది. కరువు సీమ మనుషులు నీళ్ళతో పాటు చదువును కూడా అడిగినారు. అది గుర్తు పెట్టుకోండి.

అడిగిన వెంటనే వచ్చిందా? రాలే. 1954లో తిరుపతికి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ దశాబ్దం, దాని తర్వాతి దశాబ్దం కూడా మన డిగ్రీ సర్టిఫికెట్ల మీద తిరుపతి పేరే. అరవైల చివర్లో అనంతపురంలో తిరుపతి వాళ్ళ పీజీ కేంద్రం మొదలైంది. 1976లో దానికి స్వయంప్రతిపత్తి ఇచ్చినారు. 1981 జులై 25న అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. 1937లో కాగితం మీద రాసుకున్న మాట 1981లో నిజమైంది. నలభై నాలుగేండ్లు. ఆ నడుమ ఎంత మంది తెలివైన పిల్లలు చేన్లలోనే ఉండిపోయినారో ఎవరు లెక్క పెట్టినారు?

నేను 1980లో చేరినాను. చేరినప్పుడు అది పీజీ కేంద్రం, రెండో ఏటికి విశ్వవిద్యాలయం. ఆస్పరిలో రైలెక్కి, గుంతకల్లులో మారి, అనంతపురంలో దిగి, మద్రాసు రోడ్డు మీద ఇటుకలపల్లి పక్కకు బస్సులో పోవాల. ఊరి బయట, గాలికి, ఎండకు అడ్డం లేని తావు. నా చేతిలో ఒక ట్రంకుపెట్టె, దుప్పటి, మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట, బుడ్డల పొడి.

ఫీజు ఎంత అంటారేమో. ఆ ఏడు పండిన బుడ్డల్లో రెండు మూడు బస్తాలు అమ్మితే తీరిపోయేంత. దానికి మా నాయన భయపడలే. భయమంతా హాస్టలు మెస్సు బిల్లుకే. మెస్సు నడిపేది పిల్లలే. నెల నెలా బియ్యం, బ్యాళ్ళు, కట్టెలు, కూరగాయలు అన్నిటి ఖర్చు కూడి, తిన్న పొద్దులతో భాగిస్తారు. దాన్నే డివైడింగ్ అనేవాళ్ళం. నెల మొదట్లో గోడకు ఒక పొడుగు కాగితం అతికిస్తారు. పేరు, తిన్న దినాలు, కట్టాల్సింది, పాత బాకీ. ఆ కాగితం కాడ నిలబడి మనపేరు వెతుక్కునేటప్పుడు గుండె దడదడ కొట్టుకునేది. స్కాలర్షిప్పు వస్తే బాకీ తీరుతాది. అది మార్చి దాటినాక వస్తే ఆ లోపల? మెస్సు సెక్రటరీగా ఉన్న పిల్లోడు, వాడూ మనలాంటి ఇంటి వాడే, మా పేర్లు కొట్టేయకుండా నెల నెలా ముందరికి తోసుకుంటా పోయినాడు. బాకీ ఉన్నదని ఎవరి కంచమూ తీసేయలే. రెండేండ్లలో నేను చూసిన గొప్ప పరిపాలన అది.

మా నాయన ఎప్పుడో ఒకసారి మనియార్డరు పంపేవాడు. ఆయనకు చదువు రాదు. ఫారం కింద రొంత జాగా ఉంటాది, ఆడ పోస్టుమాన్ చేత రెండు మాటలు రాయించేవాడు. ఒకసారి “వాన పడింది. విత్తనం వేసినాము” అని. ఇంకోసారి “ఎద్దు బాగుంది” అని. దుడ్లు ఎంత అనేదాని కంటే ఆ కింది ముక్క నాకు ముఖ్యం. ఎద్దు బాగుంది అంటే, అమ్మలేదు అని అర్థం. అమ్మలేదు అంటే, నేను ఇంగా కొన్నాళ్ళు నిశ్చింతగా చదువుకోవచ్చు అని అర్థం.

మా గదిలో నలుగురం. ఒకడు నెల్లూరు పక్క, ఒకడు మదనపల్లె పక్క, ఒకడు రాయచోటి పక్క, నేను. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తిరుపతి యూనివర్సిటీ ప్రాంతం అంటే అప్పటి సీమ నాలుగు జిల్లాలు, నెల్లూరు. నూటికి 85 సీట్లు ఈ ఐదు జిల్లాల పిల్లలకే. ఆ లెక్క వల్లనే నలుగురం ఒక గదిలో పడినాం. నెల్లూరు వానికి జొన్నరొట్టె తెలియదు, నాకు చేపల పులుసు తెలియదు. కాలవ కింద బతికే వాళ్ళ కష్టం ఏందో వాడు చెప్తే నాకు తెలిసింది, వాన కోసం మొగులు చూసి బతికేది ఏందో నేను చెప్తే వానికి తెలిసింది. వాళ్ళల్లో ఒకని తండ్రి తాసిల్దారు ఆఫీసులో ఉద్యోగి, ఇంకొకని తల్లి కూలికి పోయేది. ఒకటే మెస్సు, ఒకటే పప్పు. పెద్ద ఇంటి పిల్లోడు ఉద్యోగానికి అప్లికేషన్ ఎట్ల రాస్తాడు, ఇంటర్వ్యూలో ఎట్ల కూర్చుంటాడు, ఏ పరీక్షకు ఏ పుస్తకం చదువుతాడు, ఇదంతా పక్క మంచం మీద వాన్ని చూసే నేను నేర్చుకున్నాను. అట్లాంటి నేర్పు ఏ సిలబస్‌లోనూ రాయరు. డబ్బున్నోళ్ళు ఒక కాలేజీకి, లేనోళ్ళు ఒక కాలేజీకి పోతే అది ఎవరికీ దొరకదు.

ఇంగ్లీషు సంగతి చెప్పాల. పీజీ పాఠం అంతా ఇంగ్లీషులోనే. మొదటి నెల సారు చెప్పేది నాకు అంకెలు తప్ప ఏదీ అందలే. మా సారొకాయన పిలిచి, “రోజుకు ఒక పేజీ రాసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టు. తప్పులున్నా సరే, రాయడం మానద్దు” అన్నాడు. ఎర్ర సిరాతో దిద్ది మర్నాటికి తిరిగి ఇచ్చేవాడు. మొదట్లో పేజీ అంతా ఎరుపే. ఏడాది తిరిగేసరికి ఎరుపు తగ్గింది. ఆయనకు దానికి జీతం ఎక్కువ రాలే, నా కాడ ఒక్క రూపాయి తీసుకోలే. ప్రభుత్వం ఆయనకు జీతం ఇచ్చి కూర్చోబెట్టింది కాబట్టి ఆయనకు నా కోసం తీరిక ఉండింది. ఈ మాట మళ్ళా చెప్తా, మర్చిపోవద్దండి.

లైబ్రరీలో ఒక్కో పుస్తకం ఒకటో రెండో కాపీలు. సాయంత్రం దాకా కాచుకోని ఉంటే చేతికి వచ్చేది. ఫోటోస్టాట్‌కు దుడ్లు ఎవరికి ఉన్నాయి? చేత్తో ఎక్కించుకునేది. అట్ల ఎక్కించుకున్న నోట్సు మా తర్వాత వచ్చిన బ్యాచీలు కూడా చదివినాయి.

ఇప్పుడు అసలు ముచ్చట. రెండో ఏడు ఎండాకాలం సెలవుల్లో మా సారు ఒక పని పెట్టినాడు. ఎవరి ఊర్లో వాళ్ళు పల్లె అప్పుల మీద సర్వే చేసుకోని రావాల. ఒక ఫారం ఇచ్చినాడు. కుటుంబం ఎంత, భూమి ఎంత, అప్పు ఎంత, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, దేనికి తెచ్చినారు. నేను మన ఊరు కైరుప్పలకు వచ్చి మొదటి ఫారం మా ఇంట్లోనే రాయాలనుకున్నాను. మా నాయనను అరుగు మీద కూర్చోబెట్టి, “నాయనా, అప్పు ఎంత ఉంది?” అని అడిగినాను. అంతవరకు ఆ మాట ఆయనను ఎవరూ అడగలే. మా అమ్మకు కూడా చెప్పింది లేదు. శానాసేపు ఊరకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకుంటా వచ్చినాడు. విత్తనాలకు ఇంత. అక్క పెండ్లికి ఇంత. ఎద్దు చచ్చిపోయిన ఏడు ఇంకో ఎద్దుకు ఇంత. నూటికి రెండు రూపాయల వడ్డీ ఒక చోట, మూడు ఇంకో చోట. నేను రాసుకుంటా పోతాండ. చివర్లో “దేనికి తెచ్చినారు” అనేదాని కింద చదువు అని ఒక గడి ఉంది. “నా చదువుకు ఎంత తెచ్చినావు నాయనా?” అన్నాను. “నీ చదువుకు అప్పు తెచ్చింది లేదురా. ఆ పని పడలే” అన్నాడు. ఆ గడిలో సున్నా వేసినాను.

ఆ సున్నా విలువ ఏందో అప్పుడు నాకు పూర్తిగా తెలియలే. పీజీ అయినాక తెలిసింది.

అయిన వెంటనే ఉద్యోగం రాలే. మా క్లాసులో ఎవరికీ వెంటనే రాలే. కొందరు రాయలసీమ గ్రామీణ బ్యాంకు పరీక్షలు రాసినారు. 1976లో మొదలైన బ్యాంకు అది, సీమ పల్లెలకే బ్రాంచీలు తెరుస్తా ఉండె. కొందరు టీచరు పోస్టులకు, కొందరు సర్వీసు కమిషన్ పరీక్షలకు. ఒకసారి రాలే, రెండోసారి రాసినారు. అట్ల కాచుకునేకి ఓపిక ఒక్కటే చాలదు, మెడ మీద అప్పు ఉండకూడదు. చదువు కోసం భూమి తాకట్టు పెట్టి ఉంటే నేను మొదటి నెలే ఏ మిల్లులోనో గుమాస్తాగా కూర్చోని వడ్డీ కట్టుకుంటా ఉందును. అప్పు లేదు కాబట్టి పొద్దున చేను, రాత్రి చదువు, అట్ల కాచుకున్నాను. జూనియర్ కాలేజీ లెక్చరర్ అయినాను.

మా గదిలో నలుగురిలో ఒకడు బ్యాంకు మేనేజరుగా రిటైరైనాడు. ఒకడు హైస్కూలు హెడ్మాస్టరు. రాయచోటి వానికి మాత్రం ఏ ఉద్యోగమూ రాలే, ఊరికి తిరిగి పోయినాడు. వాన్ని ఓడిపోయినోడు అనద్దు. అప్పు లేకుండా ఊరు చేరినాడు కాబట్టి భూమి నిలిచింది. సొసైటీ లెక్కలు చూసినాడు. ఊర్లో ఎవరికి ప్రామిసరీ నోటు రాయాలన్నా, చదివి అర్థం చెప్పాలన్నా వాని అరుగు మీదికే వచ్చేవాళ్ళు. యూనివర్సిటీ అందరికీ ఉద్యోగం ఇస్తాదని నేను చెప్పను, అది అబద్ధం. తక్కువ ఖర్చు చదువు చేసేది ఏందంటే, గెలిచినోని గెలుపు ఇంటిదాకా పూర్తిగా చేరనిస్తాది, ఓడినోని ఓటమి ఇంటిని కూల్చకుండా ఆపుతాది. నా ఎరుకలో దానికి ఇంతకంటే పెద్ద గుణం లేదు.

ఇది మన సీమ ముచ్చట మాత్రమే కాదు. సి.ఆర్. రావు అని లెక్కల శాస్త్రంలో ప్రపంచం దండం పెట్టిన మనిషి. 1920లో హడగలిలో పుట్టినాడు, అప్పట్ల అదీ మన ఆదోనీ ఒకటే బళ్ళారి జిల్లా. తెలుగింటి బిడ్డ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో మొదటి ర్యాంకుతో బయటికి వచ్చినాడు. ఉద్యోగం వెతుక్కుంటా కలకత్తా పోయి, ఆడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినాడు. 1945లో ఆయన రాసిన ఒక్క వ్యాసం మీద ఇప్పటికీ ప్రపంచమంతా పాఠాలు చెప్పుకుంటాంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు ఆయనకు నూటరెండేండ్లు. ఆయన్ని ఆడిదాకా నడిపించింది ఏంది? ప్రజల దుడ్లతో నిలబడిన యూనివర్సిటీలు, సంస్థలే.

అమెరికా సంగతి కూడా వినండి. న్యూయార్కు సిటీ కాలేజీ 1847లో ఉచిత విద్యాలయంగా మొదలై 1976 దాకా ఫీజు లేకుండా నడిచింది. వలస వచ్చిన కూలోళ్ళ పిల్లలు, దర్జీల పిల్లలు ఆడ చదివినారు. వాళ్ళల్లో నోబెల్ బహుమతి తెచ్చుకున్నోళ్ళు కూడా ఉన్నారు. 2017లో రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్ళు కలిసి అమెరికా కాలేజీలన్నిటి లెక్క తీసినారు. అట్టడుగు ఇండ్ల నుంచి వచ్చి పై మెట్టుకు చేరిన పిల్లలు యాడ ఎక్కువ అని చూస్తే, పేరు మోసిన పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు ముందర లేవు. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, న్యూయార్కు సిటీ యూనివర్సిటీ కాలేజీలు, అట్లాంటి మామూలు ప్రభుత్వ సంస్థలే ముందర ఉన్నాయి. పెద్ద యూనివర్సిటీలో చేరిన పేదింటి పిల్లోడు కూడా బాగానే పైకొస్తాడు, ఆ మాట కూడా వాళ్ళే చెప్పినారు. అయితే అట్లాంటి పిల్లల్ని వాళ్ళు చేర్చుకునేది శానా తక్కువ. ఎంత మందిని లోపలికి రానిస్తారు, వచ్చినోళ్ళను ఎంత దూరం తీసుకపోతారు, ఈ రెండూ కలిపి చూడాల. అది చదివినప్పుడు నాకు మా మెస్సు గోడ మీద కాగితం కండ్ల ముందర ఆడింది. దాంట్లో ఎన్ని రకాల ఇండ్ల పేర్లు ఉండేవి!

ఇప్పుడు ఊరి సంగతికి వస్తా. ఉగాది మర్నాడు మన ఊరికి యాడాడి నుంచో వస్తారు కదా పిడకల సమరం చూసేకి. వీరభద్రస్వామి పక్క సగం ఊరు, కాళమ్మ పక్క సగం ఊరు చేరి పిడకలతో కొట్టుకుంటారు. దెబ్బ తగిలినోళ్ళు విభూతి పెట్టుకోని పోతారు. తర్వాత స్వామికి, అమ్మకు కల్యాణం. ఆ పొద్దు ఊరు ఇడిసి పోయినోళ్ళంతా తిరిగి వస్తారు. పోయినేడు నేను అరుగు మీద కూర్చోని వచ్చినోళ్ళను చూస్తా ఉంటి. బెంగళూరులో కట్టుబడి పని చేసే పిల్లోళ్ళు వచ్చినారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చినారు. మా స్టూడెంట్లలో టీచర్లు, ఒక నర్సు, ఒక ఇరిగేషన్ ఇంజనీరు వచ్చినారు. గవర్నమెంటు కాలేజీ, యూనివర్సిటీ దోవలో పోయినోళ్ళ ఇండ్లు చూడండి. ఒకడు చదివినాక వాని తమ్ముడు చదివినాడు. తర్వాత చెల్లెలు చదివింది. ఆ ఇంటికి సుగ్గి తాళం పడలే. మా ఇంట్లో మా అక్కకు బడి లేదంటిని గదా? మా అక్క కూతురు డిగ్రీ చేసి కర్నూలులో యూనివర్సిటీకి పోయింది. అప్పట్ల అది కృష్ణదేవరాయ వాళ్ళ పీజీ కేంద్రం, 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం అయింది. ఇంటికి దగ్గర, హాస్టలు ఉంది, ఖర్చు తక్కువ, ఈ మూడూ లేకపోతే మా బావ ఒప్పుకునేవాడే కాదు. ఆడపిల్ల చదువులో దూరం కూడా ఒక ఫీజే.

సంతోషపడి ఊరుకునే కాలం కాదు ఇది. ఇప్పటి యూనివర్సిటీల్లో అధ్యాపకుల పోస్టులు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. పాఠం చెప్పేవాళ్ళల్లో శానామంది కాంట్రాక్టు వాళ్ళు, గెస్టులు. చాలీచాలని జీతంతో, మర్నాడు ఉద్యోగం ఉంటాదో లేదో తెలియకుండా చెప్పేవాడు, నా పేజీని ఎర్ర సిరాతో దిద్దిన సారు మాదిరి ఎట్ల కూర్చుంటాడు? ఆయనకు తీరిక ఉండె అని ఇందాక చెప్పింది ఇందుకే. సెల్ఫ్ ఫైనాన్సు కోర్సులని పెట్టి, గవర్నమెంటు యూనివర్సిటీలోనే ఎక్కువ ఫీజు తీసుకుంటాండారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినాక పేద పిల్లలు లక్షల్లో ఇంజనీరింగు కాలేజీలకు పోయినారు, అది మంచిదే. ఆ దుడ్లలో పెద్ద భాగం ప్రైవేటు కాలేజీలకు పోయి, గవర్నమెంటు కాలేజీల గోడలు సున్నానికి కూడా నోచుకోకపోతే మాత్రం అది మంచిది కాదు. ఫీజు గవర్నమెంటు కట్టినంత మాత్రాన చదువు ప్రజలది కాదు. చెప్పే సారు, లైబ్రరీ, ల్యాబు, హాస్టలు, ఇవి ప్రజలవి అయినప్పుడే చదువు ప్రజలది.

కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం పక్క చూడండి, అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉన్న ఊర్లు అవి. ఆ ఊర్ల పిల్లలకు యూనివర్సిటీ పేరు వినబడాలంటే ముందర సుగ్గి కాలంలో బడి పక్కన పూటకూడు పెట్టే హాస్టలు ఉండాల. కింది మెట్టు విరిగిపోయి ఉంటే పై మెట్టు యాడ ఉంటే ఏం? రెండూ అడగాల. 1937లో సీమ పెద్దోళ్ళు అడిగినట్టు, కాగితం మీద రాయించుకోని, నెరవేరే దాకా ఇడిసిపెట్టకుండా అడగాల.

అమ్మీ, ఇంగ నీ మాట. బెంగళూరు కాలేజీ చెడ్డదని నేను అనను. చేరే ముందర మూడు లెక్కలు వేసుకో. ఒకటి, ఆ అప్పుకు నెలకు వడ్డీ ఎంత, చదువు అయిపోయినాక నెల నెలా కిస్తీ ఎంత. రెండు, ఆ కాలేజీలో పాఠం చెప్పేది ఎవరు, పోయినేడు బయటికి వచ్చినోళ్ళు ఇప్పుడు యాడ ఉన్నారు. పేపర్లో ఫోటోలు చూడద్దు, వాళ్ళకు ఫోను చేసి అడుగు. మూడు, ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే నీ ఇల్లు తట్టుకుంటాదా. ఈ మూడింటికి నీకు నెమ్మది కలిగే జవాబు వస్తే పో, నేనే వచ్చి సంతకం పెడతా.

రాకపోతే పీజీసెట్ రాయి. అనంతపురమో, కర్నూలో, తిరుపతో, యాడ సీటు వచ్చినా పో. హాస్టల్లో ఉండు, ఇంటి నుంచి తిరగద్దు, పక్క మంచం మీద వాళ్ళ కాడ నేర్చుకునేది శానా ఉంది. లైబ్రరీ మూసే దాకా కూర్చో. సార్లు తక్కువ ఉంటే ఉన్న సారును ఇడిసిపెట్టద్దు, రోజుకు ఒక పేజీ రాసి తీసుకపోయి చూపించు. స్కాలర్షిప్పు ఆలస్యమైతే నోరు మూసుకోని కూర్చోవద్దు, నలుగుర్ని కూడగట్టుకోని ఆఫీసుకు పోయి అడుగు. అది నీకు ఎవరో వేసే భిక్షం కాదు. ఈ ఊర్లో అగ్గిపెట్టె కొన్న ప్రతి ముసలామె కట్టిన పన్నుతో నడిచే చదువు అది. అందుకని చదివి బయటికి వచ్చినాక ఆ ముసలామె పింఛను కాగితం రాసిపెట్టమంటే తీరిక లేదని అనద్దు.

ఖర్చు సంగతి ఇంట్లో నేను మాట్లాడతా. మీ నాయనకు చెప్తా, ఈ రెండేండ్లు పత్తి కాలంలో నువ్వు చేన్లో ఉండవని, ఆ కూలి నా పింఛనులో నుంచి నేను ఇస్తానని. రేపు పొద్దున ఆదోనికి పోయి నెట్ సెంటరులో అప్లికేషన్ వేద్దాం. నీ కులం సర్టిఫికెటు, ఆదాయం సర్టిఫికెటు, డిగ్రీ మెమోలు ఇప్పుడే తీసి సంచిలో పెట్టుకో.